మెట్లు తప్పని చదువు: అంతర్జాలమున శిక్షణ పాఠములను వరుసపరచు విధము

బడిలో చేరిన బాలునిచేత మొదట ఓనమాలు దిద్దింతుము. అక్షరములు వచ్చిన పిమ్మట గుణింతము, అటుపిమ్మట ఒత్తులు, ఆ తరువాతనే వాక్యము. పిల్లల చదువులో ఎన్నడును తప్పని ఈ వరుసను పెద్దల శిక్షణలో మాత్రము మనము తరచుగా మరచుచున్నాము. క్రొత్తగా ఎన్నికైన సభ్యునకు పది పాఠములు ఒక్కసారిగా చూపి చదువుకొమ్మన్నచో, సులభమైనది చూచి కష్టమైనదానిని దాటిపోవుట సహజము.

దీనివలన కలుగు నష్టము చిన్నది కాదు. రాజ్యాంగమునకు 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చినది. ఆ సవరణతో చేరిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన విషయములు 29 గలవు. పంచాయతీల ప్రణాళికలను, జమాఖర్చులను నమోదు చేయుటకై ఈ-గ్రామ్‌స్వరాజ్ అను ఏర్పాటు 2020లో వచ్చినది. అంచనా కాగితము చదువ నేర్వని సభ్యుడు బిల్లునకు చేయెత్తి ఆమోదము తెలిపినచో, పోవునది ఊరి సొమ్ము.

పాఠములను అంతర్జాలమున ఉంచుటకు నేడు పెక్కు సాధనములు గలవు. వానిలో మూడుల్ అనునది ఒకటి. ఆస్ట్రేలియాకు చెందిన మార్టిన్ డూగియామాస్ రూపొందించిన ఈ సాధనము 2002లో వెలువడినది. దీనికి రుసుము లేదు. అయినను దానిని నిలుపు సర్వరునకు, చూచుకొను మనిషికి ఖర్చు తప్పదు. శిక్షణ సంస్థచే ఇట్టి పాఠములు ఏర్పాటు చేయించుకొనదలచిన పంచాయతీలవారు వరుసపరచు పద్ధతిని తెలిసికొనియుండుట మేలు.

మొదటి పని కాగితముపై జరుగవలెను. గ్రామసభ, తీర్మానము, బడ్జెట్టు, గ్రామ ప్రణాళిక, పనుల అంచనా, కొలతలు, బిల్లులు — ఇట్లు పాఠములను వ్రాసికొని, ప్రతిదాని యెదుట ఒక ప్రశ్న వేసికొనవలెను: ముందరి పాఠము రాకున్నను ఇది అర్థమగునా? అగునన్నచో అచ్చట తాళము వేయనక్కరలేదు. అక్కరలేని తాళము చదువువానికి విసుగు పుట్టించును.

రెండవ పని, పాఠము పూర్తియైనదని ఎప్పుడు లెక్కింపవలెనో నిర్ణయించుట. దీనికి ముందుగా కోర్సులో పూర్తిని గుర్తించు ఏర్పాటును తెరచి ఉంచవలెను. చదువరి తానే గుర్తు పెట్టుకొనవచ్చును; పుట తెరచినంతనే పూర్తియైనట్లు లెక్కింపవచ్చును; లేదా క్విజ్‌లో నిర్ణీత మార్కులు వచ్చినప్పుడే పూర్తియనవచ్చును. మొదటి రెండును నమ్మదగినవి కావు. అలుకగానే పండుగ కాదుగదా! కావున ప్రతి మెట్టు చివర ఐదారు ప్రశ్నల క్విజ్ ఉంచి, ఉత్తీర్ణత మార్కు నిర్ణయించి, తప్పినవారు మరల వ్రాయుటకు అవకాశమీయవలెను. ప్రశ్నలనిధి నుండి ప్రతిసారి వేరు ప్రశ్నలు వచ్చునట్లు చేయుటయు సాధ్యమే.

మూడవ పని తాళము వేయుట. తరువాతి పాఠమునకు ప్రవేశ నియమముగా ముందరి క్విజ్ పూర్తిని చూపవలెను. మూసియున్న పాఠమును కంటికి కనబడకుండ దాచవచ్చును. లేదా దాని పేరును, తెరచుకొనుటకు చేయవలసినదానిని కనబడనీయవచ్చును. రెండవదియే మంచిది. ఇంకెంత దూరము గలదో తెలిసిన బాటసారి అలసటను ఓర్చుకొనును.

ఇచ్చట ఒక పొరపాటునకు తావు గలదు. ఒక కోర్సు పూర్తియగుటకు వేరొక కోర్సు పూర్తి కావలెనని నియమము పెట్టవచ్చును. కాని ఆ నియమము రెండవ కోర్సులోనికి పోకుండ ఎవరిని ఆపదు. అది పూర్తియైనట్లు లెక్కింపబడకుండ మాత్రమే ఆపును. కావున చిన్న కార్యక్రమమునకు పాఠములన్నిటిని ఒకే కోర్సులో భాగములుగా ఉంచుట సులభము. పెక్కు కోర్సులను గొలుసుగా కట్టవలెనన్న, భాగస్వామి సంస్థల ద్వారా లభించు మూడుల్ వర్క్‌ప్లేస్ అను రూపములో అందుకు ప్రత్యేక సదుపాయము గలదు. అన్నియు వరుసగా, అన్నియు ఇష్టము వచ్చిన క్రమమున, లేదా కనీసము ఇన్ని అని అందులో నిర్ణయింపవచ్చును.

అంతయు సిద్ధమైన పిమ్మట చదువరి పేరుతో ప్రవేశించి పరీక్షింపవలెను. బోధకులకు, నిర్వాహకులకు తాళములు సాధారణముగా అడ్డురావు. వారి పేరుతో చూచినచో లోపము బయటపడదు.

తుదకు ఒక మాట. మహిళా సభ్యురాలి పేరిట భర్తయో కుమారుడో క్విజ్ వ్రాసినను తాళము తెరచుకొనును, ప్రశంసాపత్రమును వచ్చును. వ్రాసినదెవరో యంత్రమునకు తెలియదు, ఊరికి తెలియును. ప్రతి సభ్యునకు, సభ్యురాలికి తమ పేరిటనే ప్రవేశముండవలెను. అక్షరములు రాని వారికి వినిపించు పాఠములుండవలెను. ప్రతి మెట్టు ముగిసిన పిమ్మట అందరును పంచాయతీ కార్యాలయమున కూర్చుండి, మన ఊరి కాలువ పని అంచనానే ముందుంచుకొని, ఒక్కొక్కరు ఒక్కొక్క పంక్తిని చదివి వివరింపవలెను. గ్రామసభలో ఎవరైన లెక్క అడిగినప్పుడు ప్రక్కవాని ముఖము చూడక తామే బదులు చెప్పగలిగిననాడు, ఆ చదువులో చివరి మెట్టు ఎక్కినట్లు.