మీ జీతంలో జీగెన్ వాటా

జర్మనీలోని జీగెన్‌ నగరంలో అద్దె ఇంట్లో ఉంటూ ఉద్యోగం చేసుకునే మనవాళ్లలో చాలామంది, నగరపాలికకు కట్టేది ఇంటి యజమానే అనుకుంటారు. నిజానికి మీరూ కడుతున్నారు. ఎక్కడెక్కడ కడుతున్నారో తెలుసుకుంటే నష్టపోకుండా ఉంటారు, అడగాల్సిన చోట గట్టిగా అడగగలుగుతారు.

మొదటిది పే స్లిప్. జర్మనీలో వసూలయ్యే ఆదాయపు పన్నులో 42.5 శాతం కేంద్రానికి, 42.5 శాతం రాష్ట్రాలకు, 15 శాతం స్థానిక పాలనకు వెళ్తుంది. ఏ ఊరికి ఎంత అన్నది ఆఫీసు ఉన్న చోటును బట్టి కాదు, మీరు నివసించే చోటును బట్టి లెక్కకడతారు. పని కొలోన్‌లో, కాపురం జీగెన్‌లో అయితే వాటా జీగెన్‌దే. పైగా రాష్ట్రం నగరపాలికకు ఇచ్చే గ్రాంటు లెక్కలో జనాభాదే పెద్ద పాత్ర. అందుకే ఇల్లు మారిన రెండు వారాల్లోపు ‘ఆన్‌మెల్డుంగ్’ (నివాస నమోదు) చేయించుకోండి. అది చట్టం కూడా.

రెండోది ‘నేబెన్‌కోస్టెన్’ బిల్లు, అంటే అద్దెకు తోడయ్యే అదనపు ఖర్చుల లెక్క. ఆస్తి పన్ను, చెత్త, వీధుల శుభ్రత ఖర్చులను అద్దె ఒప్పందంలో రాసుకుని ఉంటే యజమాని మీ మీద వేయవచ్చు. మరమ్మతులు, నిర్వహణ ఖర్చులు వేయకూడదు. 2025 క్యాలెండర్ సంవత్సరం బిల్లు 2026 డిసెంబర్ 31లోపు మీ చేతికి రావాలి. ఆ తర్వాత వస్తే, ఆలస్యానికి కారణం యజమాని చేతిలో లేనిదైతే తప్ప, అదనంగా అడిగే హక్కు ఆయనకు ఉండదు. బిల్లు అందాక అభ్యంతరం చెప్పడానికి మీకు 12 నెలలు గడువు. 2025 జనవరి నుంచి ఆస్తి పన్ను కొత్త పద్ధతిలో వేస్తున్నారు కాబట్టి, ఆ వరుసను పాత బిల్లుతో పోల్చి చూడండి. తేడా ఎక్కువగా కనిపిస్తే నగరపాలిక పంపిన పన్ను నోటీసు చూపించమనండి.

మూడోది వ్యాపార పన్ను. కిరాణా, క్యాటరింగ్ లాంటివి పెట్టదలిస్తే ముందు మీ వీసా అందుకు ఒప్పుకుంటుందో లేదో తేల్చుకోండి. సొంత వ్యాపారానికి ఏడాదికి 24,500 యూరోల లాభం వరకు ఈ పన్ను లేదు. లాభం 34,500 అయితే మిగిలిన 10,000 మీద 3.5 శాతం, అంటే 350. దాన్ని నగర మండలి నిర్ణయించిన రేటుతో హెచ్చిస్తారు. ఆ రేటు 400 శాతం అనుకుంటే పన్ను 1,400 యూరోలు. ఇందులో చాలావరకు ఆదాయపు పన్నులో తగ్గిస్తారు కనుక రిటర్న్‌లో తప్పక చూపండి.

ఇలా వచ్చిన డబ్బులోంచే బడి భవనాలు, అగ్నిమాపక దళం, వీధులు, కిండర్‌గార్టెన్లు నడుస్తాయి. అందులో కొంత నగరం జిల్లాకూ కట్టాలి. నగరం నడిబొడ్డున జీగ్ నదిని కప్పేసిన పార్కింగ్ శ్లాబును కూలగొట్టి, జనం కూర్చునే మెట్లు కట్టింది కూడా ప్రజాధనంతోనే. పిల్లలున్నవారు ఒకటి గుర్తుంచుకోండి: ఈ రాష్ట్రంలో బడిలో చేరే ముందు రెండేళ్లు కిండర్‌గార్టెన్ ఫీజు లేదు.

భారత పాస్‌పోర్టుతో నగర మండలికి ఓటు వేయలేం. కానీ బడ్జెట్ ముసాయిదా బయటపెట్టినప్పుడు కనీసం 14 రోజుల గడువులో ఊళ్లో నివసించే ఎవరైనా అభ్యంతరం రాసి ఇవ్వవచ్చు. దాని మీద మండలి బహిరంగ సమావేశంలో నిర్ణయం తీసుకోవాల్సిందే. ఈసారి ముసాయిదా రాగానే మీ పేటకు ఏం కేటాయించారో చూడండి. లోటు కనిపిస్తే నలుగురు కలిసి ఒక్క పేజీ జర్మన్‌లో రాసి, గడువులోగా పంపండి.