గొట్టం పొడుగు, బుల్లెట్ జోరు: ఒక సుబేదారు అనుభవ పాఠాలు

ఎన్‌సీసీలో చేరిన మా మనవడు మొన్న అడిగాడు: "తాతయ్యా, గొట్టం ఎంత పొడుగుంటే బుల్లెట్ అంత జోరుగా పోతుందా?" ఇరవై ఎనిమిదేళ్లు సైన్యంలో ఉండి, త్రీ నాట్ త్రీ నుంచి ఇన్సాస్ దాకా భుజానికి ఆనించినవాణ్ణి. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

1. తోసేది మందు, చోటిచ్చేది గొట్టం.
ట్రిగ్గర్ నొక్కగానే మందు అంటుకుని గ్యాసవుతుంది. బుల్లెట్ మూతి దాటేదాకా ఆ గ్యాసు వెనక నుంచి తోస్తూనే ఉంటుంది. స్టార్టవని స్కూటరును నాలుగడుగులు తోసి వదలడానికీ, ఇరవై అడుగులు తోసి వదలడానికీ ఉన్న తేడాయే ఇది. ఇన్సాస్ రైఫిల్ గొట్టం 464 మిల్లీమీటర్లు, బుల్లెట్ వేగం సెకనుకు సుమారు 900 మీటర్లు. అదే తూటా 535 మిల్లీమీటర్ల గొట్టమున్న ఇన్సాస్ ఎల్‌ఎంజీలో (లైట్ మెషిన్ గన్) 925 అందుకుంటుంది.

2. మొదటి అంగుళాలు ఇచ్చినంత చివరి అంగుళాలు ఇవ్వవు.
బుల్లెట్ ముందుకు జరిగేకొద్దీ వెనక చోటు పెరిగి గ్యాసు ఒత్తిడి పడిపోతుంది. రష్యన్ ఏకే-74 గొట్టం 415 మిల్లీమీటర్లు, వేగం సుమారు 900. గొట్టాన్ని 590కి పెంచిన ఆర్‌పీకే-74లో అదే తూటాకు 960. సగానికి సగం కుదించిన పొట్టి రకంలో 735. అంటే 175 మిల్లీమీటర్లు కలిపితే దక్కింది 60, రెండు వందల పైచిలుకు తగ్గిస్తే పోయింది 165.

3. తూటాకు తగ్గ గొట్టం.
కేడెట్లు పేల్చే పాయింట్ టూ టూ తూటాలో ఉండేది చిటికెడు మందు. సుమారు 16 అంగుళాలకల్లా ఇవ్వాల్సిందంతా ఇచ్చేస్తుంది. ఆపైన రాపిడిదే రాజ్యం, వేగం కాస్త తగ్గినా తగ్గుతుంది. అయినా ఆ రైఫిల్‌కు పొడుగు గొట్టం దండగ కాదు. ముందు సైటుకూ వెనక సైటుకూ ఎడం పెరిగి గురి కుదురుతుంది.

4. లోపల కాలని మందు బయట కాలుతుంది.
రెండో ప్రపంచయుద్ధంలో త్రీ నాట్ త్రీ గొట్టాన్ని 25 అంగుళాల నుంచి సుమారు 19కి కుదించి జంగిల్ కార్బైన్ చేశారు. మంటను మరుగుపరచడానికి మూతికి గరాటు లాంటిది తొడగాల్సొచ్చింది. ఒకసారి మసక చీకట్లో, రేంజిలో నా పక్కవాడు పొట్టి గొట్టంతో ఒక రౌండు పేల్చాడు. మూతి ముందు అరచేతంత నారింజ మంట లేచింది. చెవులు గింగురుమన్నాయి. కాసేపు నాకు టార్గెట్టే కనబడలేదు. ఆ వెలుగంతా బుల్లెట్‌కు అందని శక్తి.

5. వేగం వేరు, గురి వేరు.
పొట్టి గొట్టం బిగువుగా ఉండి చక్కగా గురి నిలపగలదు. అయితే వేగం తగ్గిన బుల్లెట్ దూరం పోయేకొద్దీ ఎక్కువ కిందికి దిగుతుంది. సైటు మీద గీతలు ఆ గొట్టం వేగానికి కొలిచి గీసినవి. అందుకే ఆయుధం మారితే జీరోయింగ్, అంటే సైటును గురికి సరిచేసుకోవడం, మళ్లీ చేయాలి. పక్కవాడి రైఫిల్ తీసుకుని తన గురిని నమ్ముకున్న కుర్రాళ్లు టార్గెట్ తప్పడం ఎన్నోసార్లు చూశాను.

6. అరిగిన గొట్టం పొట్టి గొట్టంతో సమానం.
1918లో జర్మన్లు సుమారు 34 మీటర్ల గొట్టమున్న ఫిరంగితో 120 కిలోమీటర్ల దూరం నుంచి పారిస్ మీద గుండ్లు కురిపించారు. ఒక్కో గుండుకూ గొట్టం లోపల అరిగిపోయేది. అందుకే గుండ్లకు నంబర్లు వేసి, ఒకదానికంటే తర్వాతిది కాస్త లావుగా చేశారు. గ్యాసు పక్కల నుంచి జారిపోతే అంత పొడుగూ వృథా.

మా మనవడి చేతిలో గొట్టం తుడిచే పుల్‌త్రూ తాడు, చిందీ గుడ్డ పెట్టి చెప్పాను: "పేల్చిన ప్రతిసారీ గొట్టం లోంచి ఇది లాగు నాన్నా. చిందీ తెల్లగా వచ్చేదాకా ఆపకు. తర్వాత గొట్టాన్ని వెలుతురుకు పట్టి చూడు. పొడుగెంతో సర్కారు నిర్ణయిస్తుంది, లోపలి నునుపు నీ చేతుల్లో ఉంది."