దువ్వెన చేప కాపురము

2022లో నెల్లూరు జిల్లా నుండి తిరుపతి జిల్లాలో చేరిన సూళ్లూరుపేట మొదలు శ్రీహరికోట వరకు పోవు బాట పులికాట్ సరస్సు నడుమగా సాగును. కాళంగి మున్నగు నదులు ఆ సరస్సులోనికి మంచినీటిని తెచ్చును; ముఖద్వారముల గుండ సముద్రపు నీరు వచ్చి కలియును. వానలకు చప్పబడి, వేసవిలో ఉప్పెక్కు ఆ నీటిలో దువ్వెన చేప జీవించును. దాని పచ్చని మేనిపై ముత్యములు చల్లినట్లు చుక్కలుండును. మలయాళులు దీనిని కరిమీన్ అందురు. 2010లో కేరళము దీనిని తన రాష్ట్రపు చేపగా ప్రకటించినది. మన తీరమువారికి మాత్రము దీనితో పరిచయము పెక్కుసార్లు పులుసు దాక వద్దనే.

ఇది సిక్లిడ్ కుటుంబములోనిది. ఆ కుటుంబపు జాతులు ఆఫ్రికా, అమెరికా ఖండములలో వందలకొలది కలవు. భారతదేశమునకు స్వంతమైనవి మూడే.

చేపలలో పెక్కు గ్రుడ్లు విడిచి తమ దారిన పోవును. దువ్వెన చేపలు అట్లు చేయవు. ఆడుమగలు జతగూడి, నీట మునిగిన రాతినో మ్రానునో నోటితో శుభ్రపరచును. గ్రుడ్లు దానికి అంటుకొని యుండగా, రెండును రెక్కలతో నీటిని విసరుచు కావలి కాయును. సుమారు 4 దినములకు పిల్లలు వెలువడును. అప్పుడు వానిని నోట కరచి అడుగున త్రవ్విన గుంటలకు చేర్చును.

దువ్వెన చేప పెద్దది. చిన్న గాజుతొట్టి దానికి చాలదు. ఇంట పెంచుటకు దాని చుట్టమగు ఆరెంజ్ క్రోమైడ్ తగినది. నారింజవన్నె గల ఈ చేప జానెడు కూడ పెరుగదు. అడుగున ఇసుక, ఒక చదునైన రాయి ఉండవలెను. నీటిని ఒక్కమారుగా మార్చరాదు. కొంచెము తీసి, అంతే పోయవలెను.

పెంచువారు తరచుగా పొరపడునది ఇచ్చటనే. తల్లిచేప ఒక గ్రుడ్డును నోట పట్టగానే, పిల్లలను తినివేయుచున్నదని తలచి, పెద్దచేపలను వేరు తొట్టిలో వేయుదురు. అది ఏరుచున్నది చెడిన గ్రుడ్డు. విసరువారు లేక, చెడినవి ఏరువారు లేక, మిగిలిన గ్రుడ్లకును బూజు పట్టును. అయితే మాటిమాటికి తొట్టి కదలించి బెదరించినచో, ఆ తల్లిదండ్రులే గ్రుడ్లను నిజముగా తినివేయుటయు కలదు.

బెదరింపు లేనిచో పిల్లలు కొలది దినములలో ఈదసాగును. ఆరెంజ్ క్రోమైడ్ పిల్లలు తల్లిదండ్రుల ప్రక్కలకు చేరి, మేనిపై ఊరు జిగురును కొరికి తినుచుండును.