ఆత్మహత్య ముప్పు జబ్బా?

2015 డిసెంబరులో బోధన్ నిజాం షుగర్ ఫ్యాక్టరీ మూతపడింది. అలా జీతం పోయి అప్పు మిగిలిన మనిషి "ఇక బ్రతకడమెందుకు?" అంటే, అది జబ్బా, కష్టమా?

వైద్యులలోనూ ఈ వాదం ఉంది. జబ్బుగా పేరు పెడితే, మానసిక రోగం లేనివారిలోని ముప్పు కూడా వైద్యుని దృష్టికి వస్తుందని కొందరంటారు. ఆ పేరు చాటున అప్పు, నిరుద్యోగం మరుగునపడతాయని మరికొందరంటారు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో దీనిని మరింత పరిశీలించవలసినదిగానే ఉంచింది. 2022లో నమోదుకు సంకేత సంఖ్య ఇచ్చిందే గాని, జబ్బుల జాబితాలో చేర్చలేదు. మన దేశపు 2017 మానసిక ఆరోగ్య చట్టం ఆత్మహత్యకు యత్నించినవారు తీవ్ర ఒత్తిడిలో ఉన్నారనే భావిస్తుంది.

కాబట్టి జబ్బు పేరు తేలేదాకా ఆగకండి. "చనిపోవాలనిపిస్తోందా?" అని నేరుగా అడగండి. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు. ఓపికగా వినండి, ఒంటరిగా విడువకండి, వైద్యుని వద్దకు తోడు వెళ్ళండి. టెలి మానస్ ఉచిత ఫోన్ 14416.