కారు వెనక్కి తీయడం ఎలా? బీప్ చెప్పేది ఎంత, మనం చూసుకోవాల్సింది ఎంత

వరంగల్‌లో కొత్త కారు కొంటే చాలామంది మొదట వెళ్లేది భద్రకాళి గుడికే. ముందూ వెనకా పసుపు బొట్లు, బంతిపూల దండలు, టైర్ల కింద నిమ్మకాయలు. పూజ అయ్యాక రివర్స్ గేరు వేస్తే కారు ఆగకుండా కూస్తుంది. ఓనరు కంగారు పడతాడు కానీ బండికి ఏమీ కాలేదు. వెనుక బంపర్ మీద రూపాయి బిళ్లంత గుండ్రటి చుక్కలుంటాయి, అవే పార్కింగ్ సెన్సార్లు. వాటికి అడ్డంగా దండ వేలాడుతోంది, అంతే.

2019 జులై 1 నుంచి మన దేశంలో తయారయ్యే ప్రతి కొత్త కారుకూ ఈ సెన్సార్లు తప్పనిసరి. కాబట్టి ఆ తర్వాతి బండి అయితే చిన్నదైనా పెద్దదైనా బీప్ ఉంటుంది. కెమెరా మాత్రం వేరియంట్‌ను బట్టి. అమెరికాలో 2018 మే నుంచి కెమెరా కూడా తప్పనిసరి చేశారు. తండ్రి వెనక్కి తీస్తున్న కారు కింద రెండేళ్ల పిల్లాడు పడి చనిపోయిన ఘటన ఆ చట్టానికి మూలం.

ఎక్కకముందు

కారు వెనక నుంచి ఒకసారి తిరిగి వచ్చి తలుపు తీయండి. పది సెకన్ల పని. టైరు పక్కన పడుకున్న కుక్క, ఆడుకుంటున్న పిల్లలు, ఎవరో వెనకే అడ్డంగా పెట్టి పోయిన స్కూటీ, అన్నీ అప్పుడే కనబడతాయి. అలాగే సెన్సార్లనూ నంబర్ ప్లేటు పైన ఉండే కెమెరా కన్నునూ మెత్తని గుడ్డతో తుడవండి. వానాకాలంలో బురద చిమ్మితే కెమెరాలో మసక తప్ప ఏమీ కనబడదు.

గేరు వేశాక

రివర్స్ వేసి, బ్రేకు మీద కాలుంచి, ఆగండి. పాట ఆపేయండి. ఎడమ కిటికీ అద్దం దించండి, ఎందుకో కింద చెబుతాను. కెమెరా తెర మీద ఆకుపచ్చ, పసుపు, ఎరుపు గీతలుంటాయి. ఎరుపు గీత అంటే బంపర్‌కు ఆనుకున్నంత దగ్గర. కొన్ని కార్లలో స్టీరింగ్ తిప్పితే గీతలూ వంగుతాయి, కొన్నిట్లో నిటారుగానే ఉంటాయి. మీది ఏ రకమో ఇంటి ముందే తిప్పి చూసుకోండి. నిటారు గీతలను నమ్మి మలుపు తిప్పితే బండి ఒకవైపు పోతుంది, గీత ఇంకోవైపు చూపిస్తుంది. ఇంకో మాట. కెమెరా కన్ను వెడల్పుగా చూస్తుంది కాబట్టి వెనకున్న వస్తువు ఉన్నదానికంటే దూరంగా కనబడుతుంది.

ఇక బీప్ సంగతి. సెన్సార్ మన చెవికి అందని శబ్దాన్ని వదిలి, అది తగిలి తిరిగొచ్చే సమయాన్ని బట్టి దూరం లెక్కేస్తుంది. అది చూడగలిగేది దాదాపు మీటరున్నర. గంటకు 5 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు మీటరున్నర. అంటే నడక వేగంతో వెనక్కి వచ్చినా మొదటి బీప్‌కూ ‘ఢబ్’కూ మధ్య మీకుండేది ఒక్క సెకను. అందుకే యాక్సిలరేటర్ జోలికి పోకుండా హాఫ్ క్లచ్ మీదో, ఆటోమేటిక్ అయితే బ్రేకు వదులుతూ పట్టుకుంటూనో పాకించాలి. బీప్ తెంపు లేకుండా మోగిందంటే జానెడో మూరెడో మాత్రమే మిగిలింది, ఆపేయాలి.

బీప్‌కు దొరకనివీ ఉన్నాయి. సన్నటి ఇనుప గొట్టం, తీగ, బంపర్ కంటే పొట్టిగా ఉండే రాయి. అలాంటి రాయి దూరంలో ఉన్నప్పుడు కూత వినిపించి, దగ్గరయ్యాక ఆగిపోతుంది కూడా. అడ్డు తొలగిందని కాదు, రాయి సెన్సార్ చూపు కిందికి జారిందని అర్థం. మెత్తటి వస్తువులు శబ్దాన్ని మింగేస్తాయి. ఎనుమాముల మార్కెట్‌కు పత్తి సీజన్‌లో వెళ్లేవాళ్లు బస్తాల దగ్గర సెన్సార్ మీద ఆధారపడకూడదు. మూత లేని మోరీ సంగతి చెప్పనే అక్కర్లేదు. గుంత నుంచి ఏ శబ్దమూ తిరిగి రాదు.

తోక రోడ్డెక్కాక

అసలు చిక్కు ఇక్కడ. హన్మకొండ చౌరస్తా దగ్గరైనా, స్టేషన్ రోడ్డు మీదైనా మనం మూతి షాపు వైపు పెట్టి కారు దిగుతాం. బయటికి రావాలంటే తోక రోడ్డు మీదికి రావాలి. డ్రైవర్ కళ్లు బంపర్ కంటే రెండున్నర, మూడు మీటర్లు ముందుంటాయి. పక్కన పెద్ద ఎస్‌యూవీ నిలబడి ఉంటే, మీ కళ్లకు రోడ్డు కనబడేసరికి మీ డిక్కీ ఎప్పుడో ట్రాఫిక్‌లో ఉంటుంది. సెన్సార్ వెనకున్న దాన్నే చూస్తుంది, పక్క నుంచి దూసుకొచ్చే బైకు దానికి తెలియదు.

మనం ఎడమ పక్క నడిపే దేశంలో, ఎడమ పక్క షాపు ముందు మూతి పెట్టిన కారుకు దగ్గరి వరస ట్రాఫిక్ డ్రైవర్ ఎడమ చేతి వైపు నుంచి వస్తుంది. అది మనకు సరిగ్గా కనబడని పక్క. కిటికీ దించమన్నది అందుకే, హారన్ వినిపిస్తుంది. కుడి నుంచి ఎవరూ రాకూడదు, కానీ రాంగ్ రూట్ వీరులు అటు నుంచే వస్తారు. కాబట్టి స్టీరింగ్ నిటారుగా ఉంచి అడుగు వెనక్కి వచ్చి ఆగండి. చిన్న హారన్ ఒకటి. వచ్చేవాళ్లకు మీ తెల్ల లైటు కనబడనివ్వండి. మళ్లీ అడుగు, మళ్లీ ఆగడం.

మీ సైడ్ మిర్రర్ పక్క కారు వెనుక బంపర్‌ను దాటేదాకా తిప్పొద్దు. దాటాక ఎడమకు కొట్టండి. తోక ఎడమకు పోతుంది, మూతి కుడికి ఊగుతుంది. కొత్తవాళ్లు గీతలు పెట్టుకునేది ఇక్కడే, కళ్లన్నీ వెనుక తెర మీదుంటే ముందు కుడి మూల పక్క కారును గీరుతుంది. చాలా కార్లలో ముందు వైపు సెన్సార్లే ఉండవు. పార్కింగ్ దగ్గర "రానియ్, రానియ్... లెఫ్ట్ కొట్టన్నా... బస్, బస్" అని చేయి ఊపే మనిషి ఉంటే, నన్నడిగితే ఏ కెమెరా కన్నా ఆయనే మేలు. కాకపోతే ఆయన మీ అద్దంలో కనబడాలి. కనబడకపోతే ఆపి, ఆయన కనబడ్డాకే కదలండి.

పక్క నుంచి వచ్చేవాటిని చూసే రాడార్

దీని పేరు రియర్ క్రాస్ ట్రాఫిక్ అలర్ట్. వెనుక బంపర్ రెండు మూలల్లో దాగిన రాడార్లు పక్కల నుంచి వచ్చే బండిని పసిగట్టి, అటువైపు బాణం గుర్తు చూపించి మోగుతాయి. 2023 వెర్నా, 2024 క్రెటా లాంటి వాటి పై వేరియంట్లలో వస్తోంది. కొన్నిట్లో మీరు తొక్కకపోయినా బ్రేకు కూడా పడుతుంది. కానీ ఆ పట్టు రెండు సెకన్లకు వదిలేయొచ్చు, మీ కాలు బ్రేకు మీదికి రావాల్సిందే.

రాడార్ ఇరవై మీటర్ల దూరంలో పట్టిందనుకుందాం. 40 కిలోమీటర్ల వేగంతో వచ్చే బైకు ఆ దూరం రెండు సెకన్లలోపే దాటేస్తుంది. ఏటవాలుగా పార్క్ చేస్తే ఒక పక్క రాడార్‌కు పక్క కారే గోడ అవుతుంది. బాగా రద్దీ ఉంటే అది మోగుతూనే ఉంటుంది, చిరాకొచ్చి కొందరు సెట్టింగ్స్‌లో ఆపేస్తారు. ఆపొద్దు, రద్దీ తగ్గేదాకా మీరే ఆగండి.

అమెరికాలో బీమా కంపెనీల నిధులతో నడిచే పరిశోధన సంస్థ ఐఐహెచ్‌ఎస్ లెక్కల్లో కెమెరా ఒక్కటే ఉంటే వెనక్కి తీసేటప్పటి ప్రమాదాలు 17 శాతం తగ్గాయి. కెమెరా, సెన్సార్లు, ఆటోమేటిక్ బ్రేకు మూడూ కలిస్తే 78 శాతం. మన గల్లీల్లో అదే లెక్క వస్తుందని నేననను.

అందుకే వీలున్న చోట పార్క్ చేసేటప్పుడే రివర్స్‌లో పెట్టేయండి. వెనుక గోడే కాబట్టి సెన్సార్ అక్కడ బాగా పనిచేస్తుంది, వెళ్లేటప్పుడు రోడ్డు మీ కళ్ల ముందుంటుంది. కొత్త కారు కొనబోతుంటే షోరూమ్‌లో తెర మీద బొమ్మ చూసి సరిపెట్టుకోకండి. టెస్ట్ డ్రైవ్ అప్పుడు రెండు బళ్ల మధ్య మూతి పెట్టి ఆపించి, రోడ్డు మీదికి మీరే వెనక్కి తీయండి. బాణం ఎప్పుడు వెలిగింది, అప్పటికి బైకు ఎంత దూరంలో ఉందో పక్కనున్న మనిషిని చూడమనండి.