నిండుకుండ తొణకదా?
(బాయిలరు డ్రమ్ములో నీటిమట్టం గురించి)

"నిండుకుండ తొణకదు" అని మన పెద్దలు ఊరికే అనలేదు. మూత బిగించి పూర్తిగా నింపిన పాత్రలో నీటికి కదలడానికి జాగా ఉండదు. అల లేవాలంటే నీటి పైన ఖాళీ ఉండాలి. సగం నిండిన ట్యాంకరు లారీ మలుపులో ఊగేదీ, లోపల అడ్డుపలకలు బిగించేదీ అందుకే.

అయితే ఈ సామెత చెల్లని కుండ ఒకటుంది. అది థర్మల్ విద్యుత్కేంద్రంలోని బాయిలరు డ్రమ్ము. అక్కడ నిండినా ముప్పే, తరిగినా ముప్పే. పైగా నిండిందో తరిగిందో చూసిన వెంటనే నమ్మడానికి వీల్లేదు!

వంటింటి పాఠం

కుక్కరులో పప్పు వేసేటప్పుడు సగానికి మించి నింపవద్దంటారు. నింపితే ఏమవుతుందో హాస్టలు గదిలో దొంగచాటుగా వండుకున్న మిత్రులకు తెలుసు. విజిలుతో పాటు పసుపునీళ్లు గోడమీదికి చిమ్ముతాయి. ఆవిరికీ నీటికీ మధ్య విడిపోయేంత జాగా లేకపోతే ఆవిరి తనతోపాటు తుంపర్లను లాక్కుపోతుంది. దీన్నే బాయిలరు భాషలో 'క్యారీ ఓవర్' అంటారు. నీటిలో లవణాలు ఎక్కువైనా, నూనె కలిసినా నురగ పెరిగి ఇది మరింత ముదురుతుంది.

కుక్కరు చిమ్మితే గోడ తుడుచుకుంటే సరిపోతుంది. బాయిలరు చిమ్మితే లవణాలు సూపర్‌హీటరు గొట్టాల్లో పేరుకొంటాయి, సిలికా టర్బైను బ్లేడ్లమీద పొరకడుతుంది. నీరే ముద్దగా వెళ్లి తగిలితే బ్లేడ్లు విరగవచ్చు. పోనీ మట్టం బాగా తగ్గిద్దామా? అప్పుడు కొలిమి చుట్టూ ఉన్న గొట్టాలకు నీరు అందక, అవి ఎర్రగా కాలి పగులుతాయి.

పీడనం పెరిగినకొద్దీ ఆవిరిని విడదీయడం కష్టమవుతుంది. మామూలు వాతావరణ పీడనం వద్ద నీరు ఆవిరికన్నా సుమారు 1600 రెట్లు బరువు. 100 బార్ల వద్ద ఆ తేడా పన్నెండు రెట్లే. 180 బార్ల వద్ద నాలుగు రెట్లే. బరువు తేడా లేనిదే తుంపర దానంతటది కిందపడదు. అందుకే డ్రమ్ములో సైక్లోన్ సెపరేటర్లు అమర్చి మిశ్రమాన్ని గిర్రున తిప్పుతారు. నీరు అంచుకు విసిరివేయబడుతుంది, ఆవిరి మధ్యనుంచి పైకి పోతుంది. ఆ పైన వంకరటింకర రేకుల మధ్యగా పోయేటప్పుడు మిగిలిన తడి కూడా రేకులకు అంటుకొని జారిపోతుంది.

ఉబ్బు, కుంగు

ఇక అసలు చిక్కుకు వద్దాం. టర్బైను ఒక్కసారిగా ఎక్కువ ఆవిరి లాగిందనుకోండి. డ్రమ్ములోంచి పోయేది ఎక్కువైంది కనుక మట్టం తగ్గాలి కదా? తగ్గదు, ముందు పెరుగుతుంది! పీడనం పడిపోగానే నీటిలోని బుడగలు ఉబ్బుతాయి, కొత్త బుడగలు పుడతాయి. గోళీసోడా కొట్టగానే పొంగినట్టే. నీరు పెరగలేదు, బుడగలు పెరిగాయి. దీన్ని 'స్వెల్' అంటారు. లోడు తగ్గితే ఇందుకు వ్యతిరేకంగా మట్టం కుంగుతుంది. అది 'ష్రింక్'.

మట్టాన్ని మాత్రమే చూసే కంట్రోలరు ఈ ఉబ్బును చూసి మోసపోతుంది. నీరు ఎక్కువైందనుకొని, సరిగ్గా నీరు కావలసిన సమయంలోనే ఫీడ్ వాల్వును మూస్తుంది. 200 మెగావాట్ల తరగతి బాయిలరు గంటకు దాదాపు 700 టన్నుల ఆవిరినిస్తుంది. నీటి సరఫరా ఆగితే డ్రమ్ములో ఉన్నది ఒకటి రెండు నిమిషాలకు మించి చాలదు. తప్పు దిద్దుకొనే వ్యవధి అంతే!

దీనికి విరుగుడు 'త్రీ ఎలిమెంట్ కంట్రోలు'. పోతున్న ఆవిరి ఎంత, వస్తున్న నీరు ఎంత, మట్టం ఎంత అని మూడూ చూస్తుంది. ముందు జమకూ ఖర్చుకూ సరిపెడుతుంది. మిగిలిన చిన్న తేడాను మట్టం చూసి సవరిస్తుంది. కిరాణా కొట్టు లెక్కలాంటిదే ఇది. గల్లాపెట్టె బరువు చూసి లాభం చెప్పలేం, పద్దు చూడాలి.

గాజుగొట్టం కూడా నిజం మొత్తం చెప్పదు. అందులోని నీరు డ్రమ్ములోని నీటికన్నా చల్లగా, బరువుగా ఉంటుంది కనుక అసలు మట్టంకన్నా తక్కువ చూపుతుంది. అందుకే పెద్ద బాయిలర్లలో కొలతను పీడనాన్ని బట్టి సవరిస్తారు.

1979 చెప్పిన పాఠం

1979 మార్చి 28 తెల్లవారుజామున అమెరికాలోని త్రీమైల్ ఐలండ్ అణువిద్యుత్కేంద్రం రెండో యూనిట్లో జరిగింది ఇటువంటి పొరపాటే. అక్కడి పాత్ర బాయిలరు డ్రమ్ము కాదు, ప్రెషరైజరు. దాని పైనున్న వాల్వు ఒకటి తెరుచుకొని మూసుకోలేదు. నీరు బయటికి పోతూనే ఉంది. కాని వ్యవస్థలో పుట్టిన ఆవిరి నీటిని ప్రెషరైజరులోకి నెట్టడంతో అక్కడ మట్టం పెరిగినట్టు కనిపించింది. ప్రెషరైజరు పూర్తిగా నిండకూడదని శిక్షణ పొందిన ఆపరేటర్లు, లోపలికి వచ్చే అత్యవసర నీటిని తగ్గించారు. రియాక్టరు పాత్రలో నీరు ఎంతుందో నేరుగా చూపే మీటరు అక్కడ లేదు. చివరకు ఇంధనంలో దాదాపు సగం కరిగిపోయింది.

వారు మీటరు చూడక చెడలేదు. ఒక్క మీటరునే నమ్మి చెడ్డారు. మట్టం అంటే ఎత్తు మాత్రమే, పరిమాణం కాదు. రేపు కంట్రోలు రూములో కూర్చోబోయే మన మిత్రులు ముల్లు పైకి లేవగానే వాల్వు మీద చెయ్యి వేయకుండా, "పెరిగింది నీరా, బుడగా?" అని ఒక్కసారి ప్రశ్నించుకొంటే చాలు. ఆ ప్రశ్నకు జవాబు పక్కనున్న రెండు మీటర్లలో ఉంటుంది.