నిమ్మపండు - పులుపు, గుణము

తెలుగువారి వంటయింట నిమ్మకాయ లేని దినము అరుదు. పప్పులో పిండుటకును, పులిహోర కలుపుటకును, ఊరగాయ పెట్టుటకును, ఎండనబడి వచ్చినవారికి చల్లని పానీయము చేసి యిచ్చుటకును అది కావలెను. గూడూరు, తెనాలి, నకిరేకల్ మొదలగు విపణులనుండి నిమ్మకాయలు బస్తాలకొలదిగా దూరప్రాంతములకు ఎగుమతి యగుచున్నవి. రసము పిండిన పిదప మిగిలిన చెక్కను సయితము మన గృహిణులు ఊరక పారవేయరు.

ఆ చెక్కకు చిటికెడు ఉప్పు అద్ది నల్లబడిన ఇత్తడి చెంబును రుద్దినచో కొలది నిమిషములలో అది బంగారువన్నె తేలును. ఇత్తడి యనగా రాగియు తుత్తునాగమును కలిసిన లోహము. గాలి తగులగా తగులగా అందలి రాగి ప్రాణవాయువుతో కూడి మాసిన పొరగా మారును. నిమ్మరసములోని ఆమ్లము ఆ పొరను కరగించును. ఉప్పు ఆ పనికి తోడ్పడును. ఈ ఆమ్లమును 1784లో షీలే అను రసాయనజ్ఞుడు స్వీడను దేశమున నిమ్మరసమునుండి వేఱుచేసి స్ఫటికములుగా చూపెను. దానికి సిట్రిక్ ఆమ్లమని పేరు. రసములో నూటికి సుమారు అయిదాఱు పాళ్లు ఇదియే.

తెల్లని పంచెపై ఇనుపతుప్పు మరక పడినచో నిమ్మరసమును ఉప్పును పట్టించి కొంతసేపు ఎండనుంచి, పిదప మంచినీట జాడింపవలెను. మరక చాలవఱకు పోవును. రంగుబట్టలకు ఈ చికిత్స పనికిరాదు. మరకతోపాటు రంగును పోవచ్చును. ఉప్పునీరు కాగి కాగి గిన్నె యడుగున పేరుకొన్న తెల్లని పొరయు, చేతికంటిన చేపల నీచు వాసనయు నిమ్మరసముచే తొలగును. కోసిన అరటికాయ ముక్కలు నల్లబడకుండుటకు నీటిలో రెండు చుక్కలు పిండుట వంటవారందఱు ఎఱిగినదే. పసుపుకొమ్ములను వెలిగారముతోను పటికతోను నిమ్మరసమున ఊరవేసి, ఎండించి దంచి, కుంకుమ చేయుటయు మన యిండ్లలో పాతపద్ధతి.

అయితే పులుపునకు విచక్షణ లేదు. మాలిన్యమును తినునట్లే మంచివస్తువును గూడ తినును. కడపబండలు, షాబాదుబండలు సున్నపురాతి జాతికి చెందినవి. నునుపు చేసిన అట్టి నేలపై నిమ్మరసము పడినచోట మెఱుగు పోయి మచ్చ యేర్పడును. ఆ మచ్చను పోగొట్టవలెనని మరల నిమ్మచెక్కతోనే రుద్దువారు దానిని మఱింత పెద్దది చేసికొందురు. ముత్యములును ఇట్లే చెడును. రాగిని శుభ్రపఱచు రసమునే రాగిపాత్రలో నిలువ యుంచినచో, అది రాగిని తనలో కరగించుకొని త్రాగినవారికి వాంతులు కలిగించును. కళాయి పోయిన ఇత్తడిగిన్నెలో పులుసు కాచరాదని పెద్దలు చెప్పుట యిందుకే.

శరీరము విషయమున జాగ్రత్త మఱింత అవసరము. తలంటుకొన్న పిమ్మట చెంబెడు నీటిలో అరచెక్క రసము పిండి తల కడిగికొన్నచో, ఉప్పునీటితో కలిసి జుట్టునకు అంటుకొన్న సబ్బు జిడ్డు వదలును. కండ్లలో పడకుండ చూచుకొని, తరువాత మంచినీరు పోసికొనవలెను. పండ్లు తెల్లబడునని నిమ్మచెక్కతో తోముకొనుట మాత్రము తెలివితక్కువ పని. పంటి పైనుండు గట్టిపొర ఆమ్లమునకు కరగును. అది తిరిగి పెరుగదు. ముఖమునకు నిగారింపు వచ్చునని రసము పూసికొని ఎండలోనికి పోవుట అంతకంటె ప్రమాదకరము. నిమ్మయందలి, ముఖ్యముగా దాని తొక్కయందలి, కొన్ని పదార్థములు సూర్యరశ్మితో కూడి చర్మమును దహించును. బొబ్బలు లేచి, అవి మానిన పిదప నల్లని మచ్చలు వారములకొలది నిలుచును.

ఇంతవఱకు చెప్పిన పనులలో పెక్కింటిని చింతపండును చేయగలదు. నిజమునకు ఇత్తడిసామాను తోముటకు దానినే యెక్కువగా వాడుదురు. కాని నిమ్మలో పులుపు గాక మఱియొక గుణము కలదు. ఆ రెండింటిని ఒకటిగా తలచుటచే మానవులు చిరకాలము నష్టపడిరి.

పూర్వము నెలల తరబడి సముద్రముపై తిరుగు నావికులకు స్కర్వీ యను వ్యాధి సోకెడిది. చిగుళ్లు ఉబ్బి నెత్తురు కాఱును, పండ్లు కదలును, ఎన్నడో మానిన గాయములు తిరిగి విచ్చును, తుదకు మరణము. 1740లో ఆన్సన్ నాయకత్వమున ఇంగ్లండునుండి బయలుదేఱిన సుమారు 1900 మందిలో వేయిమందికి పైగా వ్యాధులచేతనే మరణించిరి. వానిలో స్కర్వీ ప్రధానమైనది.

1747లో జేమ్స్ లిండు అను వైద్యుడు సాలిస్‌బరీ యను యుద్ధనౌకలో పండ్రెండుమంది రోగులను ఎన్నుకొని, వారిని ఇద్దఱిద్దఱిగా ఆఱు జతలు చేసి, అందఱకును ఒకే భోజనము పెట్టించి, జతకొక మందు నిచ్చెను. ఒక జతకు గంధకామ్లము కలిపిన మందు, ఒక జతకు పులియబెట్టిన ద్రాక్షకాడి, ఒక జతకు సముద్రపు నీరు, ఇట్లుండగా ఒక జతకు దినమునకు రెండేసి నారింజలును ఒక్కొక్క నిమ్మపండును ఇచ్చెను. ఆఱు దినములకే పండ్లు అయిపోయినవి. అప్పటికే పండ్లు తిన్న ఇద్దఱిలో ఒకడు పనిలో చేరగలిగెను; రెండవవాడు తక్కిన రోగులకు సపర్య చేయ మొదలిడెను. గంధకామ్లమును పుల్లనిదే, కాడియు పుల్లనిదే. అవి రెండును వ్యాధిని కుదుర్పలేదు. పులుపు వేఱు, గుణము వేఱని ఆ ప్రయోగమే చాటినది. వినవలసినవారు వినలేదు. లిండు సయితము రసమును చాలకాలము నిలువ యుంచవలెనని నిప్పుసెగపై చిక్కపఱచు పద్ధతిని సూచించెను. ఆ కాకలో గుణము చాలవఱకు నశించెను. అతని గ్రంథము 1753లో వెలువడినది. ఆంగ్ల నౌకాదళము నావికులందఱకు నిమ్మరసము నిచ్చుటకు పూనుకొన్నది 1795లో. లిండు అంతకు ముందటి యేడే కన్నుమూసెను.

కథ అంతటితో ముగియలేదు. పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున ఆ దళమువారు మధ్యధరాప్రాంతపు పెద్ద నిమ్మను విడిచి, పడమటి ఇండియా దీవులలో పండు చిన్న నిమ్మరసమును కొనసాగిరి. రెండవది మన నిమ్మజాతిదే. పులుపునకు కొదువ లేదు గనుక ఎవ్వరికిని అనుమానము కలుగలేదు. 1875లో నేర్స్ నాయకత్వమున ఉత్తరధ్రువమువైపు పోయిన రెండు ఓడలలో ఆ రసము పుష్కలముగా నుండియు పెక్కుమంది స్కర్వీ పాలైరి. 1918లో లండనునందలి లిస్టరు సంస్థలో హారియట్ చిక్ మొదలగు పరిశోధకురాండ్రు జంతువులపై పరీక్షించి, ఈ వ్యాధిని కుదుర్చుటలో చిన్ననిమ్మ రసము పెద్దనిమ్మ రసములో సుమారు నాలుగవ వంతు బలము గలదని తేల్చిరి. ఆ గుణమును కలిగించు పదార్థమే నేడు సి విటమిన్ అనబడుచున్నది. దానిపై చేసిన పరిశోధనలు కారణముగా హంగరీ దేశీయుడైన సెంట్-గ్యోర్గీకి 1937లో నోబెల్ బహుమానము లభించెను. అతడు దానిని రాశిగా సంపాదించినది నిమ్మనుండి కాదు, ఒక మిరపజాతి కాయనుండి! మన జామపండునను, ఉసిరికయందును అది నిమ్మలోకంటె మిక్కిలి హెచ్చుగా కలదు.

ఈ విటమిన్ వేడికిని, గాలికిని, రాగి స్పర్శకును చెడును. కావున పప్పు పొయ్యిమీద నుండగా నిమ్మకాయ పిండరాదు. దింపి, కొంత చల్లాఱిన పిదప పిండవలెను. పులిహోరకును అంతే. పానీయమునకు కాయను అప్పటికప్పుడు కోసి గాజుగ్లాసులో పిండుకొనుట మేలు. నెలల తరబడి సీసాలో నిలిచిన రసమును ఇత్తడిసామానుకు వాడుకొనవచ్చును.